మొక్కల చదువు: ఒక తండ్రి పశ్చాత్తాపం

ముప్పై ఏళ్ళుగా మదర్సాలో అరబీ బోధిస్తున్నాను. దివ్య ఖుర్ఆన్‌లో ‘సిద్ర్’ అనే పదం వచ్చినప్పుడల్లా “సిద్ర్ అంటే రేగు” అని చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఒకనాడు ఇంట్లో ఆ పాఠం చూసుకుంటూ ఉండగా మా చిన్నమ్మాయి “ఏ రేగు అబ్బా?” అని అడిగింది. అప్పటికి ఆమె నల్లగొండలో బి.ఎస్‌సి. రెండవ సంవత్సరం చదువుతోంది. రేగు అంటే రేగే కదా అన్నాను. “కాదబ్బా! సంక్రాంతికి పండ్లనిచ్చే పెద్ద రేగు ఒకటి. బీడు భూముల్లో పొదలా పెరిగే నేలరేగు ఒకటి. కొక్కెం ముళ్ళతో తీగలా పాకే పరికి మరొకటి. అరబ్బు దేశాల సిద్ర్ వేరే జాతి, అది వీటికి దగ్గరి చుట్టం” అన్నది. మా మదర్సా వెనుక గట్టు మీది చెట్టు వీటిలో ఏదో నేను చెప్పలేకపోయాను.

ఆమె ఈ చదువులో చేరడం మా ఇష్టంతో జరిగినది కాదు. ఇంటర్‌లో బైపీసీ చదివింది. నీట్‌లో సీటు రాలేదు. బంధువులు నర్సింగ్ అన్నారు, ఫార్మసీ అన్నారు. ఆమె మాత్రం ‘దోస్త్’ ద్వారా డిగ్రీకి దరఖాస్తు పెట్టి, వృక్షశాస్త్రం ఉన్న గ్రూపును మొదటి ఐచ్ఛికంగా ఎంచుకున్నది. ఫీజు తక్కువ, కళాశాల దగ్గర, సాయంత్రానికి ఇంటికి వస్తుంది అనుకుని ఒప్పుకున్నాను. మొక్కల గురించి మూడేళ్ళు చదవడానికి ఏముంటుందన్న చులకన భావం నా మనసులో ఉండేది.

మొదటి సంవత్సరం శైవలాలు, శిలీంధ్రాలు, నాచు మొక్కలతో గడిచింది. రెండవ సంవత్సరంలో మొక్కల వర్గీకరణ మొదలైంది. దానితోపాటు హెర్బేరియం తయారు చేయాలి. పువ్వుతో సహా కొమ్మను సేకరించి, పాత వార్తాపత్రికల మధ్య పరచి, బరువుపెట్టి, తేమ పోయేదాకా కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. తరువాత దళసరి అట్టమీద అంటించి, మూలన శాస్త్రీయ నామం, ఊరి పేరు, తేదీ, సేకరించినవారి పేరు వ్రాయాలి. మా ఇంటి పుస్తకాల బీరువాలో తఫ్సీర్ సంపుటాల క్రింద తంగేడు, గునుగు, ఉత్తరేణి ఆరుతూ ఉండేవి.

వానలు వెనుకబడిన ఆ రోజుల్లో, దేవరకొండ, డిండి మీదుగా నల్లమల అడవికి ఒకరోజు క్షేత్రపర్యటన ఏర్పాటు చేస్తున్నామని కళాశాల నుంచి అంగీకార పత్రం వచ్చింది. నేను సంతకం చేయలేదు. ఆడపిల్ల, అడవి, చీకటి పడేవేళకు తిరుగు ప్రయాణం... ఈ మూడు మాటలే నాకు వినిపించాయి. ఆమె అధ్యాపకురాలు స్వయంగా మా ఇంటికి వచ్చారు.

“మౌలానా గారూ, ఈ శాస్త్రం నాలుగు గోడల మధ్య నేర్పడానికి వీలుకాదు. మీరు వద్దంటే మీ వీధిలోని మరో ముగ్గురు తండ్రులూ వద్దంటారు. ఉన్నదే పదిహేడు మంది. బస్సు ఖర్చు కూడా గిట్టదు” అన్నారావిడ.

టీ ఇచ్చి గౌరవంగానే సాగనంపాను కాని మాట మార్చుకోలేదు. ఆవిడ చెప్పినట్లే జరిగింది. పర్యటన రద్దయింది. మా అమ్మాయి ఒక్క మాటా అనలేదు. నల్లమల మొక్కల కోసమని ముందుగా కత్తిరించి పెట్టుకున్న అట్టలు మాత్రం బీరువా పైన ఖాళీగా మిగిలిపోయాయి.

వేసవి సెలవుల్లో ఆ అధ్యాపకురాలే ఎండలో ఊరూరా తిరుగుతూ కనిపించారు. ప్రభుత్వ కళాశాలల అధ్యాపకులు ప్రవేశాల కోసం ఇంటింటికీ వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడుతున్నారు. చేరేవారు మరీ తక్కువైతే ఆ కోర్సును నిలిపివేసి, చేరిన పిల్లలను మరో కోర్సుకు మార్చుతారట. “మీరు ఒక్కసారి మీవాళ్ళతో మాట్లాడగలరా?” అని అడిగారు. సంతకం పెట్టని నన్నే అడిగినందుకు సిగ్గుతో తల వంచుకున్నాను.

ఆ రాత్రి నాకు ఇబ్నుల్ బైతార్ గుర్తుకు వచ్చారు. ఆయన అందలుస్‌లోని మలగా ప్రాంతపువారు. మొక్కలను వెదుకుతూ ఉత్తర ఆఫ్రికా తీరం వెంట ప్రయాణించి, ఈజిప్టు, సిరియాలలో పనిచేసి, 1248లో దమస్కులో మరణించారు. దాదాపు 1,400 మూలికలను, ఔషధాలను, ఆహార పదార్థాలను గురించి గ్రంథస్థం చేశారు. అంతకు దాదాపు నాలుగు శతాబ్దాల ముందే అబూ హనీఫా దీనవరీ అరబ్బు నేలల మొక్కల పేర్లను ‘కితాబున్నబాత్’లో కూర్చారు. ఈ పెద్దల పేర్లు నా విద్యార్థులకు ఎన్నోసార్లు గర్వంగా చెప్పాను. వారు ఇల్లు కదలకుండా ఆ పని చేశారా? పూర్వీకుల ప్రయాణాలను పొగిడి, కన్నకూతురి ప్రయాణాన్ని ఆపిన నాకు ఆ గర్వం తగునా?

మరునాటి నుంచి తెలిసిన ఇళ్ళకు వెళ్ళాను. అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఈ చదువుతో ఏం వస్తుంది?” నాకు తెలిసినంతలో చెప్పాను. ఎం.ఎస్‌సి. చేయవచ్చు, బి.ఎడ్. చేసి బడిలో చెప్పవచ్చు, నర్సరీలలో, విత్తన పరిశోధనశాలల్లో పనులున్నాయి. ఉద్యోగం ఖాయమని మాత్రం అబద్ధం చెప్పలేదు. పాలమూరు పిల్లలమర్రి సంగతి కూడా చెప్పాను. ఏడు వందల ఏళ్ళ నాటిదని చెప్పుకునే ఆ మర్రి కొమ్మ 2017 డిసెంబరులో విరిగిపడింది. చెదలు లోపల తినేశాయి. మరుసటి ఏడాది సెలైన్ సీసాలు వ్రేలాడదీసి, చుక్కచుక్కగా మందును మానులోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు ఆధారాలు కట్టారు. చెట్టుకు వైద్యం చేయాలన్నా చెట్టును చదివినవారు కావాలి కదా! కొందరు విన్నారు, కొందరు నవ్వారు. ఐదుగురు అమ్మాయిలు చేరారు. కోర్సు ఆ ఏటికి నిలిచింది.

మూడవ సంవత్సరంలో పర్యటన జడ్చర్లకు పెట్టారు. ఈసారి సంతకం చేయడమే కాక, మరో ఇద్దరు తల్లులతో కలిసి నా భార్యా, నేనూ బస్సెక్కాం. అక్కడి డాక్టర్ బి.ఆర్.ఆర్. ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో వృక్షశాస్త్ర విభాగం ‘తెలంగాణ బొటానికల్ గార్డెన్’ను పెంచింది. అధ్యాపకులు డాక్టర్ సదాశివయ్య గారి చొరవతో, విద్యార్థుల చేతులతో ఎదిగిన తోట అది. జిల్లా పట్టణం కూడా కాని ఊళ్ళో, ఒక మామూలు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో! ఒక కోర్సు ఎలా పెరుగుతుందో నాకు అక్కడ అర్థమైంది. పిల్లలు పుస్తకంలో చదివిన మొక్క ముందు నిలబడగలగాలి. తాము నాటినది వచ్చే ఏటి పిల్లలకు పాఠం కావాలి. అప్పుడు ఆ పిల్లలే కోర్సుకు ప్రచారకులవుతారు.

మా అమ్మాయి ఇప్పుడు ఎం.ఎస్‌సి. ప్రవేశ పరీక్షకు చదువుతోంది. ఆమె డిగ్రీ హెర్బేరియంలో నల్లమల పేరున్న అట్ట ఒక్కటీ లేదు. అది నేను తీర్చలేని లోటు.

మదర్సా వెనుక గట్టు మీదిది పెద్ద రేగేనని తేలింది. ఆకు అడుగు భాగం తెల్లగా నూగుతో ఉంటుందని ఆమె చూపించింది. ఇప్పుడు ‘సిద్ర్’ పాఠం వచ్చినప్పుడు పిల్లలను ఆ చెట్టు దగ్గరకే తీసుకుపోతున్నాను. “ఇది సిద్ర్ కాదు, దాని చుట్టం” అని చెబుతున్నాను.

తల్లిదండ్రులారా! మీ ఇంటికి కూడా అలాంటి అంగీకార పత్రం వస్తే వెంటనే వద్దనకండి. ఎవరు వెంట వెళుతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో అడగండి. అవసరమైతే మీరూ వెంట వెళ్ళండి. పిల్లల ముందున్న దారులలో ఏది మేలైనదో అల్లాహ్‌కే ఎరుక. తెలియనితనంతో దానిని మూసివేసే వారిలో మనం ఉండకూడదు.