క్రెష్ నుంచి పాలసీ దాకా

నారాయణగూడలో క్రెష్ ఆయాగా ఉన్నన్నాళ్లూ నా పనల్లా మాటలు రాని పిల్లల అవసరాన్ని మొహం చూసి పట్టుకోవడమే. ఆ పని నాకు ప్రాణం. కానీ ఆ జీతం ఇంటి అద్దెకీ అత్తయ్య మందులకీ చాలేది కాదు. అందుకే బీమా ఏజెంటునయ్యాను.

పదో తరగతి చదువు, 25 గంటల శిక్షణ, ఆపైన ఐసీ-38 పరీక్ష. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ల మధ్య కూర్చుని చదువుకున్నాను. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్‌ఐఎస్ఎం పరీక్ష, ఆంఫీ నమోదు వేరే ఉంటాయి. అవీ ఇవీ ఉన్నా, పెట్టుబడి సలహాదారునని చెప్పుకోకూడదు. 2013 నాటి సెబీ నిబంధనల కింద నమోదైనవాళ్లకే ఆ హోదా. మంచి నియమం. కమిషన్ మీద బతికేవాళ్లం ఆ సంగతి ముందే చెప్పాలి.

అసలు పరీక్ష అశోక్‌నగర్ ఇళ్లలో ఎదురైంది. ఒక ఇంట్లో తల్లి, చంటిబిడ్డ, సంపాదించేది ఒక్కరే. అలాంటి ఇంటికి కావలసింది తక్కువ ప్రీమియంతో పెద్ద రక్షణ ఇచ్చే టర్మ్ పాలసీ. దాని బదులు పొదుపు కలిసిన ఎండోమెంట్ పాలసీ కట్టిస్తే ప్రీమియం పెద్దది, నా చేతికొచ్చేదీ పెద్దదే. మా ఇంటి అవసరం నాకు గుర్తుండదా? ఉంటుంది. అయినా ఆ తల్లి ఒడిలోని బిడ్డను చూశాక టర్మే చెప్పాను. ఇకముందూ అదే చెబుతాను.

పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

అమ్మా, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోగా నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. బీరువాలో పెట్టేముందు ఒక్కసారి చదవండి.