కొవ్వూరునుండి రాజమహేంద్రవరమునకు

కొవ్వూరునకును రాజమహేంద్రవరమునకును నడుమ నున్నది ఒక్క గోదావరియే. ఇచ్చటి గోష్పాదరేవున నిలిచి చూచిన, మా పుట్టినింటి ఊరి దీపములు సందెవేళ ఆవలియొడ్డున ఒక్కటొక్కటిగా వెలుగుట కన్పట్టును. గౌతమమహర్షి గోవును బ్రతికించుటకై నదిని దింపెననియు, ఆ గోవు గిట్ట మోపిన తావు ఇదియేననియు పెద్దలు చెప్పుదురు. పెండ్లియై పదునాలుగేండ్లుగా మేము ఈ యొడ్డున కాపురమున్నాము. మావారు ప్రక్క గ్రామమున బడిపంతులు. వారికి చిన్ననాటినుండి ఒక కంట చూపు తక్కువ. అందుచేత కొన్నేండ్ల క్రిందట పాతకారొకటి కొన్నప్పుడు దానిని నడుపుట నేర్చుకొన్నది మేమే.

సోదరీమణులారా, ఈ వ్యాసము క్షేత్రమహిమను గూర్చినది కాదు. పదునాలుగేండ్లుగా ఎరిగిన త్రోవ మాకు ఒక్కనాటితో తెలియని త్రోవ ఎట్లయ్యెనో, మరల దానిని ఎట్లు నేర్చుకొంటిమో చెప్పదలచితిమి.

నిరుడు కార్తికమున ఒక సోమవారము తెల్లవారుజామున దీపములు విడుచుటకు రేవునకు పోతిమి. మెట్లపై నాచు, ఆపైన ఒలికిన నూనె. కాలు జారి వెల్లకిల పడితిమి. తల వెనుకభాగము రాతిమెట్టునకు తగిలెను. రక్తము రాలేదు. పిమ్మట కొంతసేపు ఏమి జరిగెనో మాకు జ్ఞాపకము లేదు. అమ్మలక్కలు లేవనెత్తినపుడు "దీపం ఆరిపోయిందా?" అని ముమ్మారు అడిగితిమట. ఆసుపత్రిలో తలకు స్కానింగు తీసి, లోపల రక్తస్రావము లేదనిరి. ఇది మెదడు అదురుటయనియు, కంకషన్ అను పేరు దీనిదేననియు, ఒకటి రెండు దినములు విశ్రమించి పిమ్మట మెల్లగా పనులలో పడవచ్చుననియు, తాము చెప్పువరకు కారు మాత్రము నడుపరాదనియు వైద్యులు తెలిపిరి. తలనొప్పి హెచ్చుచున్నను, మరల మరల వాంతులైనను, మగత కమ్మినను, ఒకవైపు కాలుసేతులు పట్టుదప్పినను తెల్లవారువరకు ఆగక తీసికొనిరావలెనని మావారికి వేరుగా చెప్పిరి. ఇది ప్రతి యింటను తెలిసియుండవలసిన మాట.

మూడువారములలో తలనొప్పి చాలవరకు తగ్గెను. వంట చేయుచుంటిమి, పిల్లదానికి జడ వేయుచుంటిమి. కాని బజారులో దుకాణపు దీపములు కండ్లలో గుచ్చుకొనెడివి. ఇద్దరొక్కసారి మాటలాడిన ఎవరి మాటయు తలకెక్కెడిది కాదు. కట్టు కట్టిన గాయమైనచో నలుగురును జాలిపడుదురు. కనబడని గాయమునకు సాక్ష్యమెవ్వరు?

వైద్యులు అనుమతించిన పిమ్మట మొదటి పర్యాయము పుట్టింటికి బయలుదేరితిమి. ఆ వంతెనను ఎరుగని చదువరులకు కొంత చెప్పవలెను. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై 1900లో వెలసిన హేవలాకు వంతెనమీద 1997నుండి రైళ్లు నడచుటలేదు. అది ఇప్పుడు ఊరక నిలిచియున్నది. మేము దాటునది 1974లో తెరచిన వంతెన. దీనికి రెండంతస్తులు; క్రింద రైలు, పైన రహదారి. రహదారి నిడివి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఇరుప్రక్కల కటకటాలు, అతుకు వచ్చినచోటనెల్ల చక్రముల క్రింద దబ్బుమను చప్పుడు, అడుగున రైలు పోవునపుడు ఒడలికి తెలియు సన్నని వణకు. ఇవియన్నియు మా పిల్లదానికి పండుగ. మాకును ఒకప్పుడు అట్లే యుండెడివి.

ఆనాడు వంతెన యెక్కి అర కిలోమీటరైనను పోకమునుపే, ప్రక్కనున్న కటకటాల చువ్వలు వరుసగా కండ్లలోనికి పరుగెత్తి వచ్చినట్లయ్యెను. అవి నిలిచి మేము పోవుచున్నామో, మేము నిలిచి అవి పోవుచున్నవో తెలియలేదు. ఎదుటి లారీ దూరమునకు అంచనా దొరకలేదు. కడుపులో త్రిప్పెను, అరచేతులు చెమర్చెను, వంతెన నడుమ బండి నిలిపివేసితిమి. వెనుకనుండి హారనుల రొద! ఆ రొదకు తల పగిలిపోవునట్లుండెను. అప్పుడొక ఆటో నడుపువాడు దిగివచ్చి, "ఏం అమ్మగారూ, ఒంట్లో బాగోలేదా? మెల్లగా నా వెనకాలే రండి" అని ముందు నడచెను. వాని ఆటో వెనుక పలకమీద ఎఱ్ఱని మందారపువ్వు వ్రాసియున్నది. ఆ పువ్వుతప్ప మరేమియు చూడక ఆవలియొడ్డు చేరితిమి. వాని పేరైనను అడుగలేదు. తిరుగుప్రయాణమున పొరుగువారబ్బాయి కారు తెచ్చి ఇంటికడ విడిచెను.

అదిమొదలు కారు గుడ్డకప్పుకొని వాకిట నిలిచెను. మొదట వంతెనయన్న భయము. పిమ్మట ఊరిలో వీథులన్నను భయము. తుదకు తాళపుచెవుల గలగల విన్నను గుండె దడదడలాడెడిది. మా అత్తగారు మెత్తని మనిషి. ఆమెయు ఒకనాడు, "పడ్డది మెట్ల మీద కదమ్మా, కారంటే భయమెందుకు?" అనిరి. ఎత్తిపొడుపు కాదు, తెలియక అడిగినదే. మాకును తెలియదు గనుక ఊరకుంటిమి.

దానవాయిపేటలో మా అమ్మ ఒంటరిగా నున్నది. చక్కెరవ్యాధివలన ఆమె కంటి వెనుకపొర చెడి, నెలకొకపర్యాయము కంటిలో సూదిమందు వేయించవలసియున్నది. ప్రతిపర్యాయము మేమే పోయి ఆసుపత్రికి తీసికొనిపోవు వాడుక. మేము కదలలేక పోయిన రెండు నెలలును, "ఆటోలో వెళ్లి వేయించుకొచ్చానే అమ్మాయీ, నువ్వు బెంగపెట్టుకోకు" అని ఫోనులో చెప్పెను. పుష్యమాసమున బస్సులో, కండ్లు మూసికొని, ఎట్లో పోయి చూచితిమి. దేవునిగూటిలో ఆసుపత్రి పుస్తకమున్నది. తెరచి చూతుము గదా, ఆ రెండు నెలల గడులును ఖాళీ! అడిగితిమి. అమ్మ చాలసేపటికి, "ఒక్కదాన్నీ ఆ గదిలో కూర్చోవాలంటే కాళ్లు వణికాయే" అనెను. మరునాడే తీసికొనిపోతిమి. ఆ కంటిచూపు కొంత తగ్గినదని వైద్యులు చెప్పినపుడు అమ్మ మా మొగమువైపు చూడలేదు, మేమును ఆమెవైపు చూడలేదు. బస్సు ప్రయాణపు ఫలముగా మేము రెండుదినములు తలయెత్తలేక పోతిమి.

ఆ వారముననే, ఇట్టివారికి అభ్యాసములు చేయించు ఒక వైద్యురాలివద్దకు పోతిమి. అత్తగారి ప్రశ్నకు జవాబు అచ్చట దొరకెను. కదలికను గూర్చి కన్ను ఒక కబురు పంపును, చెవిలోపల తూకము కనిపెట్టు అవయవము ఒక కబురు పంపును. దెబ్బతిన్న పిదప ఆ రెంటిని పొందుపరచుట మెదడునకు కష్టము. నడకలో అంతగా తెలియని ఈ తికమక, ప్రక్కల చువ్వలు పరుగెత్తు వంతెనపై బయటపడును. భయము దానిమీద మొలచిన రెండవ మొక్క. ఇవి రెండును వేరు, రెంటికిని మందు వేరు.

మొదటిదానికి మందు అభ్యాసమే. పిల్లదాని పలకమీద పెద్ద 'అ' వ్రాసి వంటింటి గోడకు ఆనించి, చూపు దానిపై నిలిపి తలను కుడియెడమలకు త్రిప్పుట. అక్షరము చెదరినట్లు కన్పడిన వేగము తగ్గించుట. పిల్లది లెక్కపెట్టెడిది, మేము తప్పినచో బడిపంతులు కూతురు గదా, మరల మొదటినుండి చేయించెడిది! కొంచెము తల తిరిగిన పరవాలేదు, గంటలకొలది బాధ నిలిచిన ఆనాటి మోతాదు ఎక్కువయినదని గుర్తు. రెండవదానికి మందు, చిన్నచిన్న పాళ్లలో భయము ఎదుట నిలుచుట. తప్పించుకొన్నకొలది అది పెరుగునట. మేమే కనిపెట్టిన భేద మొకటి కలదు. మా భయము బండి యెక్కకమునుపే వచ్చి, కొంతసేపు ఓర్చిన తగ్గెడిది. మా గాయము బండి నడచిన కొంతసేపటికి మేలుకొని, దిగినను విడిచెడిది కాదు. గాయము పలికిన దినమున నిలిపివేసి ఇంటికి వచ్చితిమి. భయము మాత్రమే పలికిన దినమున ఇంకొక్క వీథి పోతిమి. నిదురలేని రాత్రి మరునాడు అసలు తాళమే తీయలేదు.

మొదట ఆదివారములందు బడి మైదానము, పిమ్మట తెలిసిన వీథులు, పగటివేళ మాత్రము. మావారు ప్రక్కన కూర్చుండెడివారు. తొలిదినములలో "అదిగో గేదె, అదిగో సైకిలు, మెల్లగా, మెల్లగా" అని వారు చేసిన హితబోధకు, కర్ణుని రథమునెక్కిన శల్యుడును తక్కువవాడే యని తోచెను. ఆ మాటయే అంటిమి. వారు నవ్వి నాటినుండి మౌనవ్రతము పూనిరి. గేదెలు మాకును కనబడునుగదా!

వంతెనకు ముందు ఆనకట్టను ఎన్నుకొన్నది మేమే. కాటన్ దొర 1852లో ముగించిన ఆనకట్టకు మారుగా తరువాత కట్టిన ధవళేశ్వరము బ్యారేజిపై కూడ నది దాటవచ్చును. త్రోవ చుట్టు, కాని నదిని నాలుగు పాయలుగా దాటవచ్చుట అందలి సుఖము. విజ్జేశ్వరము, మద్దూరు, రాలి, ధవళేశ్వరము, ఇవి నాలుగు భాగములు. అన్నింటికిని కలిపి 175 తలుపులు. పాయకును పాయకును నడుమ లంకభూమి, కొబ్బరిచెట్లు, అరటితోటలు. దిగి నీడను నిలుచుటకు నేల దొరకును. మొదటి ఆదివారము విజ్జేశ్వరపు పాయ దాటి లంకలో నిలిపి, ఫ్లాస్కులోని కాఫీ త్రాగి, మరలివచ్చితిమి. రెండవ ఆదివారము మద్దూరు పాయ. అది అన్నింటికంటె పొట్టిది. తలుపుల సందునుండి దూకు నీటిని చూడక, దూరమున త్రోవ చివరను చూచుట అచ్చట అలవడెను. అయిదవ ఆదివారమునకు ధవళేశ్వరపు గట్టెక్కి, కాటన్ విగ్రహము చెంత బండి నిలిపితిమి. మావారు వ్రతము చెడగొట్టి "శభాష్" అనిరి.

ఫాల్గుణమున అమ్మకు సూదిమందు దినము వచ్చెను. ఉదయము ఎనిమిదిగంటలకు మేమొక్కరమే రైలువంతెన యెక్కితిమి. సగము దాటగానే అడుగున రైలు వచ్చెను. వణకు పాదములనుండి ప్రాకి పైకి వచ్చుచుండగా, ఇది భయమా, గాయమా యని అడుగుకొంటిమి. కండ్లయెదుట చువ్వలు చువ్వలుగనే యున్నవి, త్రోవ త్రోవగనే యున్నది. భయమే. ముందరి బండి వెనుక మందారపువ్వు లేదు, పాలసీసాల పెట్టెలు మాత్రమున్నవి. వానినే చూచుచు పోతిమి. రైలు వెడలిపోయెను, వంతెన నిలిచెను, మేము ఇంకను పోవుచుంటిమి.

అమ్మ గుమ్మముకడ గొడుగుతో, ఆసుపత్రి పుస్తకముతో నిలిచియుండెను. ఆ గదిలో ఆమె చేయి పట్టుకొని కూర్చుంటిమి. తిరుగుప్రయాణమునకు సాయంకాలమయ్యెను. కొవ్వూరువైపు పోవునప్పుడు దిగు సూర్యుడు నేరుగ కండ్లలో పడును, అది మాకిప్పటికిని పడదు. అందుచేత ఆ రాత్రి అమ్మయింటనే పడుకొని, తెల్లవారి ఎండ వెనుకవైపు ఉన్నవేళ బయలుదేరి, మావారు బడికి పోకమునుపే ఇల్లు చేరితిమి.