మన్యం కొండల్లో మూడు రోజులు

భూమిపై సంచరించి, సృష్టి ఎలా ఆరంభమైందో పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ మనలను ప్రోత్సహిస్తుంది. అల్ గాషియా సూరా మన చూపును ఒంటె వైపు, ఆకాశం వైపు, నిలబెట్టిన పర్వతాల వైపు, పరచిన నేల వైపు మళ్లిస్తుంది. అయినా మనలో చాలా కుటుంబాలకు ప్రయాణమంటే పెళ్లిళ్లు, పరామర్శలు, ఆసుపత్రులు మాత్రమే. మా ఇల్లూ అందుకు భిన్నం కాదు.

మన్యంలో వసంతకాలంలో కాఫీ పూస్తుందని, తోటంతా మల్లెలు పరిచినట్లు తెల్లబడుతుందని మా అబ్బా తరచూ అమ్మీతో చెప్పేవారు. “వచ్చే ఏడు తీసుకువెళతాను, ఇన్షా అల్లాహ్” అనేవారు. ఆ మాట ఎన్నో ఏళ్లు సాగింది. గత వర్షాకాలం చివరలో ఆయన ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక! నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసిన తరువాత కూడా అమ్మీ గడప దాటలేదు. రంజాను వచ్చింది, ఈదు కూడా గడిచింది. ఆమె మాత్రం జానమాజు మీద నుంచి మంచం మీదికి, మంచం మీద నుంచి జానమాజు మీదికి అన్నట్లుగా ఉండిపోయింది.

ఒక రాత్రి ఇషా తరువాత ఇంటిల్లిపాదీ కూర్చున్నాము. మన్యానికి వెళ్దామన్నాము. “నాకెందుకురా ఈ వయసులో కొండలు?” అంది అమ్మీ. మెల్లగా అడిగితే అసలు కారణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. దారిలో వుజూకు నీళ్లుంటాయా? ఆడవారికి మరుగుదొడ్డి ఎక్కడ? ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులైతే ఎలా? నమాజు తప్పితే ఆ పాపం ఎవరిది? ఆమెది అనాసక్తి కాదు, భయమని అప్పుడు అర్థమైంది. ఆ భయానికి కారణం కూడా మేమే. కొన్నేళ్ల క్రితం ఇలాగే ఒక కొండ ప్రయాణానికి మధ్యాహ్నం దాటాక బయలుదేరి, చీకట్లో ఘాట్ ఎక్కుతూ, బండి ఆపే చోటు దొరకక మగ్రిబ్ పోగొట్టుకున్నాము. ఆ రాత్రి అమ్మీ కన్నీళ్లు పెట్టుకుంది. కనుక ఈసారి ప్రణాళికను చూడవలసిన ప్రదేశాలతో కాక, నమాజు వేళలతో మొదలుపెట్టాము.

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. మన అమీర్ ఎవరని అడిగితే పిల్లలు ముక్తకంఠంతో దాదీ పేరు చెప్పారు. ఆమె ఆపమన్న చోట బండి ఆగాలి, ఆమె పదమన్నప్పుడే కదలాలి. చాలా నెలల తరువాత అమ్మీ నవ్వింది.

మా దారి రాజమండ్రి నుంచి తుని, నర్సీపట్నం మీదుగా లంబసింగి, చింతపల్లి; అక్కడి నుంచి జి.మాడుగుల, పాడేరు, అరకు. తిరుగు ప్రయాణం అనంతగిరి, శృంగవరపుకోట మీదుగా విశాఖపట్నం. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండసీమ ఇందులో చాలావరకు వస్తుంది. మొదటి రాత్రి పాడేరులో, రెండవ రాత్రి అరకులో బస. జనం తక్కువగా ఉండే సోమ, మంగళ, బుధవారాలను ఎంచుకున్నాము. బాటసారికి జుమా విధి కాకపోయినా, శుక్రవారం నాటికి మన మసీదులోనే ఉండడం మేలనిపించింది.

సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణానికి సంకల్పించి ఊరి పొలిమేర దాటినవారు జుహ్ర్, అస్ర్, ఇషా నమాజుల్లో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక చదివితే పూర్తిగానే చదవాలి. రెండు నమాజులను కలిపి చదివే విషయంలో మజ్‌హబ్‌ల మధ్య భేదాలున్నందున, ఎవరి పద్ధతిని వారు తమ ఆలిములను అడిగి ముందే తెలుసుకోవడం మంచిది. ఈ సడలింపులన్నీ పిల్లలకు చదివి వినిపించినప్పుడు, ధర్మం బాటసారిని ఎంత దయతో చూస్తుందో వారికి అర్థమైంది. మన్యం నుంచి ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. ఫోనుకు సిగ్నల్ లేని చోట్ల సూర్యుని చూసి దిక్కు తెలుసుకోవడం పిల్లలకు ఆటగా మారింది.

సామానులో రెండు నీళ్ల డబ్బాలు, బద్నా, చాప, జానమాజులు, అమ్మీ మందులు, అల్లం ముక్కలు, నిమ్మకాయలు, చెత్త వేసేందుకు ఒక గోనెసంచి చేరాయి. టైర్లు, బ్రేకులు చూపించి, నర్సీపట్నంలో ట్యాంకు నింపాము. అమ్మీని ముందు సీట్లో కూర్చోబెట్టి, చూపు దూరంగా రోడ్డు మీదనే ఉంచమన్నాము. ఫజ్ర్ చదివి, ప్రయాణపు దుఆ పఠించి బయలుదేరాము. మగ్రిబ్‌కు ముందే బసకు చేరాలన్నది మా అమీర్ మొదటి ఆజ్ఞ. ఘాట్‌లో ఎదురుగా పైకి ఎక్కే బండికి దారి ఇవ్వడం, మలుపుల దగ్గర హారన్ మోగించడం, దిగేటప్పుడు చిన్న గేరులో దిగడం, ముందు బండిని దాటే ప్రయత్నం చేయకపోవడం మేము పాటించిన నియమాలు. వాంతుల మాటే రాలేదు.

వసంతంలో మన్యం చూడబోయేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అరకు ఫొటోల్లో కనిపించే పసుపు పచ్చని వలిసె చేలు శీతాకాలం ఆరంభానివి, ఇప్పుడు ఉండవు. జలపాతాలు కూడా సన్నబడతాయి. ఈ కాలపు అందం చెట్లది. ఆకులు రాలిన కొమ్మలకు నిప్పుకణికల వంటి మోదుగ పూలు, ఎర్రని బూరుగ పూలు, పనస చెట్ల మొదళ్ల నుంచి వేలాడే లేత కాయలు కనువిందు చేస్తాయి. తెల్లవారుజామునే ఇప్పచెట్ల కింద స్త్రీలు రాలిన పూలను బుట్టల్లోకి ఏరుకుంటున్నారు. మోడైన కొమ్మకు తిరిగి ప్రాణం పోసేవాడు మరణించినవారిని లేపలేడా అని ఖుర్ఆన్ పదేపదే మనకు గుర్తుచేసే విషయాన్ని ఆ దారిలో మేము వేరుగా ఆలోచించనవసరం లేకపోయింది. అమ్మీ చాలాసేపు మౌనంగా చూస్తూ కూర్చుంది.

లంబసింగిలో బండి ఆపినప్పుడు గాలి చల్లగా ఉంది. చింతపల్లి దాటాక ఒక తోట పక్కన చాప పరిచి జుహ్ర్ చదివాము. అక్కడ పని చేస్తున్న ఒక గిరిజన స్త్రీ, అమ్మీ కూర్చొని నమాజు చేయడం గమనించి, ఏమీ అడగకుండానే తన బిందె తెచ్చి పక్కన పెట్టింది. ఇంట్లో ఉండగా అమ్మీని అన్నిటికంటే బాధించిన ప్రశ్న నీళ్ల గురించే. ఆమె ఆ స్త్రీ చేతులు పట్టుకొని దుఆ చేసింది.

మన్యం చూడడానికి వెళ్లేవారు ఇది ఎవరి ఇల్లో మరువరాదు. బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, వాల్మీకులు తరతరాలుగా ఇక్కడ బతుకుతున్నారు. వారి ఇళ్లలోకి తొంగిచూడడం, అనుమతి లేకుండా ఫొటోలు తీయడం, సంతలో రాజ్మా గింజలకు, పసుపుకు పది రూపాయల కోసం బేరమాడడం అతిథి మర్యాద కాదు. చూపును అదుపులో ఉంచుకోమన్న ఆదేశం ప్రయాణంలో సడలదు.

భోజనం విషయంలో ఇబ్బంది పడతామనుకున్నాము. ఇంటి నుంచి తెచ్చిన చపాతీలు, ఖీమా మొదటి రోజుకు సరిపోయాయి. తరువాత అన్నం, పప్పు, గుడ్లతో సరిపెట్టుకున్నాము. పిల్లల కోరిక మాత్రం బొంగులో చికెన్. సంతలో ఒక నాటుకోడి కొని, స్వయంగా జబహ్ చేసి ఇస్తే వండుతారా అని ఒక దుకాణంలో అడిగాము. వారు సంతోషంగా ఒప్పుకొని, కొత్త వెదురు బొంగు తెచ్చి వండిపెట్టారు. మర్యాదగా అడిగితే చాలా తలుపులు తెరుచుకుంటాయి. దారి పక్కన అమ్మే జీలుగు కల్లు మత్తు పానీయమని, చెట్టు నుంచి తీసిన తీయని నీరనుకోరాదని పిల్లలకు చెప్పి ఉంచాము.

ఇక కాఫీ. ఈ పానీయానికి, ముస్లిముల చరిత్రకు గల బంధం గాఢమైనది. పదిహేనవ శతాబ్దంలో యెమెన్‌లోని సూఫీలు రాత్రి ఆరాధనలో మెలకువగా ఉండేందుకు దీనిని సేవించేవారు. హజ్ నుంచి తిరిగివస్తూ బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని ప్రసిద్ధి. నేడు మన్యంలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి, అరబికా కాఫీని పండిస్తున్నారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది.

కాఫీ పువ్వు తేదీ చూసుకొని పూయదు. మొగ్గలు కట్టి ఎండలో నిద్రపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే, వారం పది రోజుల్లో తోటంతా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. మూడు నాలుగు రోజుల్లో వాడిపోతుంది. మేము రోడ్లు, బసలు, నమాజులు, మందులు అన్నీ లెక్క వేసుకున్నాము. వాన ఒక్కటే మా చేతుల్లో లేదు. పాడేరులో పడలేదు, అరకులో పడలేదు. మూడవ రోజు అనంతగిరి తోటలు మా చివరి ఆశ. అక్కడా కొమ్మల పొడవునా పచ్చని మొగ్గలు బిగుసుకొని కనిపించాయి. ఒక్క పువ్వు లేదు.

అబ్బా చెప్పిన ఆ ఒక్కటే చూపించలేకపోయామని మా మనసులు చిన్నబోయాయి. రేపు ఈ పని చేస్తానని ఇన్షా అల్లాహ్ లేకుండా అనవద్దని అల్ కహఫ్ సూరా ఎందుకు హెచ్చరించిందో ఆ మొగ్గల ముందు మాకు తెలిసివచ్చింది. అమ్మీ మాత్రం బండి దిగి, కర్ర ఊతంగా తోట అంచు దాకా నడిచింది. ఒక కొమ్మను వంచి, మొగ్గలను వేలితో తడిమి, నెమ్మదిగా వదిలింది.

“వాన పడాలి గదా” అంది. తరువాత మా వైపు తిరిగి, “వచ్చే ఏడు కాస్త ఆలస్యంగా వద్దాము, ఇన్షా అల్లాహ్” అంది.

అబ్బా మాట అది. ఇన్నాళ్లకు ఆమె నోట వచ్చే ఏడు అన్న మాట విన్నాము. మా అమీర్ బండి ఎక్కింది. అస్ర్ వేళకు కొండ దిగాము. అల్ హమ్దులిల్లాహ్!