బుడమేరు మా యింటికి వచ్చిన నాడు



2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేది ఆదివారమునాడు బెజవాడలో మా వంటయింటిలోనికి బుడమేటి నీరు వచ్చెను. చూచుచుండగనే పొయ్యిగట్టు మునిగెను. పిల్లలను, బియ్యపుడబ్బాను, మావారు దిద్దుచున్న పరీక్షకాగితములను మేడమీదికి జేర్చితిమి గాని, తాతగారు మాకు జదువు చెప్పిన భాగవతము క్రింది బీరువాలోనే యుండిపోయెను. దినములు గడచినను నీరు తీయలేదు. మేడమెట్లపై గూర్చుండి, ఈ నీ రెచటినుండి వచ్చెను, ఎచటికి బోవలయును అని యోచించుటకంటె మాకు వేఱు పని లేకపోయెను.

చిన్ననాడు అమరకోశము వల్లెవేయునపుడు, నీటికి గల పేర్లలో వనము, జీవనము, భువనము అను మూడును జదివితిమి. అడవికిని, బ్రతుకునకును, లోకమునకును గల పేర్లే నీటికేల వచ్చెనో అపుడు తోచలేదు. తాతగారిని అడుగనులేదు, తప్పులేక యప్పగించుటయే మాకు గొప్ప.

బుడమేరు మైలవరము వైపు కొండలలో బుట్టిన యేఱు. దానినీటిలో గొంత వెలగలేరునుండి కాలువగుండ కృష్ణలోనికి మఱలింతురు. తక్కినది కొల్లేటికి బోవును. ఆ దినములలో కృష్ణయే 11 లక్షల క్యూసెక్కులకు మించి పాఱుచుండెను. నిండిన నది యేటినీటి నెట్లు పుచ్చుకొనును? కాలువకు గండ్లు పడెను. ఆ నీరే మా యింట జేరినది.

కొల్లేరు మా పుట్టినిల్లు. కృష్ణాగోదావరుల మెరకల నడుమ నదియొక పెద్ద పళ్లెము. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వానకాలమున దానిని నింపును. ఉప్పుటేరు మెల్లగా సముద్రమునకు దీసికొనిపోవును. చేలనుండి కొట్టుకొనివచ్చు నెరువును తుంగయు, తామరయు, నాచును దినును. వానిని బట్టి పురుగులు, చేపలు. చేపలను బట్టి గూడబాతులు. ఆ పక్షుల రెట్ట మఱల నీటికే యెరువగును. ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. సరస్సులో మంచినీరు నిండుగా నున్నంతకాలము ఉప్పుటేటిగుండ సముద్రపు పోటును వెనుకకు ద్రోయుచుండును. ఒకే తలుపు నిరువైపులనుండి ఇద్దఱు త్రోయుచున్నట్లు! లోపలివాడు సన్నగిల్లెనా, ఉప్పు లోనికి వచ్చును.

ఆ లోపలివానిని సన్నగిల్లజేసినవారిలో మా నాయనగారొకరు. వరి యేటేట మునుగుచుండ విసిగి, సరస్సుగర్భములోనే చేపలచెఱువు త్రవ్వించిరి. చుట్టుప్రక్కల నందఱును అట్లే చేసిరి. గట్టుమీద గట్టు లేచెను. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా బ్రకటించిరి. 2002లో రామ్‌సర్ జాబితాలో జేర్చిరి. 2006లో గట్లు పగులగొట్టించిరి. మా గట్టును బోయెను. అపుడు మాకు పదునాఱేండ్లు. అమ్మ ఆ రాత్రి పొయ్యి వెలిగింపలేదు. కొన్నాళ్లకు నాయనగారు గట్టు మఱల నెత్తించిరి. ఎందులకో దాచనేల? మా పెండ్లికొఱకే.

మేము మెట్లపై గూర్చున్న నాలుగవనాడు నాయనగారు ఫోనులో, “మీ యింటనున్న నీరు మా యూరికి రావలసినదే తల్లీ. వచ్చుటకు త్రోవ యేదీ?” అనిరి. తప్పంతయు గొల్లేటి గట్లదేయని మేమనము. ఆ వాన యట్టిది, కృష్ణ పొంగు నట్టిది, ఏటియొడ్డున నిండ్లు కట్టుకొన్న మా తొందరయు గలదు. అయినను, దిగువను నీరు పఱచుకొను చోటు తగ్గినకొలది ఎగువను తీయుట యాలస్యమగునని నాయనగారికి దెలియును, మాకును దెలియును.

నీరు తీసినపిమ్మట భాగవతమును మేడమీద నెండబెట్టితిమి. పుటపుటకును సన్నని ఒండ్రు. కొల్లేటికి జేరి తుంగవేళ్లను బెంచవలసిన మన్ను అది. గజేంద్రమోక్షములో నంటుకొని రాలేదు.

సంక్రాంతికి బుట్టినింటికి బోయితిమి. అమ్మ నూతినీరు ఉప్పనై చాలకాలమాయెను. ఆ నీట పప్పు ఉడుకదు. త్రాగుటకును వండుటకును డబ్బానీరు కొనుచున్నారు. సరస్సునడుమ గాపురముండి నీళ్లు కొనుట! భోజనముల వేళ మేము ధైర్యము చేసి, “గట్టు తీయించరాదా నాయనగారూ?” అని యడిగితిమి.

“మా యొక్కరి గట్టు తీసినంతనే నీరు పోవునా అమ్మా? ఈ పంట పట్టనిమ్ము, చూతము” అనిరి. మా చేతులకున్న గాజులు ఆ చేపలు కొనిపెట్టినవే. మేము మాఱుపలుకలేదు. అమ్మ డబ్బా వంచి, రాత్రికి బప్పు ఎసరు పెట్టెను.