సెలవులకు యెక్కడికి?

పదేళ్ళ లోపు పిల్లల్ని యెక్కడికి తీసుకువెళ్ళినా సంతోషిస్తారు. ఇరవై దాటినవాళ్ళు పిలిచినా రారు. చిక్కల్లా ఆ మధ్య వయస్సుతోనే. పిలిస్తే వస్తారు, వచ్చి, యెందుకు వచ్చామా అన్నట్లు ముఖం పెడతారు.

ఈ సంగతి నాకు రెండేళ్ళ కిందట హేమావతిలో తెలిసివచ్చింది. మడకశిరలో కాపురముంటూ బిడ్డలకు హేమావతి చూపించకపోతే తెలుగు మేష్టరుకు నామోషీ కదా! ఒకనాడు హెంజేరు అనే పేరుతో నొళంబ పల్లవులకు రాజధాని అయిన వూరది. అక్కడి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియం దాకా వెళ్ళాయి. దొడ్డేశ్వరాలయం ముందు నిలబడి, నొళంబుల చరిత్ర ముప్పావు గంట సేపు చెప్పాను. వెనక్కు తిరిగి చూస్తే శ్రోత ఒక్కరే మిగిలారు, మా ఆవిడ. ఆమె కూడా ఆవులింత ఆపుకుంటోంది. పిల్లలిద్దరూ చెట్టు కింద సెల్‌ఫోనులో తలలు దూర్చి వున్నారు.

ఈ యేడు మా యింట్లో బయటి యెండకంటె వేడిగా వుండింది. పదో తరగతిలో మా అబ్బాయికి మేమనుకున్నన్ని మార్కులు రాలేదు. నేను నాలుగు మాటలు అన్నాను. వాడు వున్న నాలుగు మాటలూ మానేశాడు. సెలవులు కాగానే హాస్టలుకు పోవలసినవాడు! అప్పుడు మా ఆవిడే వుపాయం చెప్పింది: “ఈసారి మీరు చూపించొద్దు. వాళ్ళనే మనకు చూపించమనండి.”

ఒప్పందం కుదిరింది. తలా ఒక చోటు యెంచుకోవాలి. ఒకరి చోటును మరొకరు యెగతాళి చేయరాదు. నేను అడగనిదే పాఠం చెప్పరాదు. నేను లేపాక్షి అన్నాను. అమ్మాయి ధర్మవరం మగ్గాలు చూడాలంది. అబ్బాయి చాలాసేపటికి, “పెనుకొండ కొండెక్కుదాం” అన్నాడు.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో వుంది లేపాక్షి. విజయనగర కాలపు వీరభద్రాలయం, ఒకే రాతిలో తొలిచిన బసవన్న లోకానికంతా తెలిసినవే. నేను నోరు మెదపలేదు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి తీసే వేడుక అయ్యాక, మా వాడు నేలమీద బోర్లా పడుకుని తొంగిచూశాడు.

“నాన్నా, ఒక మూల ఆనుకునే వుంది చూడు. మరి పైబరువు యేది మోస్తోంది?”

“నాకు తెలియదురా” అన్నాను.

ఆ మాటకు వాడి ముఖం వికసించింది! పైనున్న దూలాలు చూసి, పక్క స్తంభాలు బరువు యెట్లా పంచుకుంటున్నాయో నాకే పాఠం చెప్పాడు. అమ్మాయి మాత్రం కప్పుమీది చిత్రాల్లో స్త్రీలు కట్టిన చీరల అంచులు నోటుపుస్తకంలో గీసుకుంటోంది.

ఆ గీతలు సాయంత్రం ధర్మవరంలో పనికివచ్చాయి. గుంటమగ్గం మీద కూర్చున్న నేతగాడికి చూపించి, “ఇట్లాంటి అంచు నెయ్యొచ్చా అన్నా?” అని అడిగింది. ఆయన పని ఆపి, పడుగు పోగులు పైకీ కిందికీ యెట్లా లేస్తాయో, జకార్డు అట్టల్లోని చిల్లులు పోగులను యెట్లా యేరుతాయో చూపించాడు. అక్కణ్ణుంచి లేవదీయడానికి మాకు గంట పట్టింది.

రాత్రి పెనుకొండలో బస చేసి తెల్లవారకముందే కొండెక్కాం. వేసవిలో అదొక్కటే దారి. యెండ ముదిరితే బండలు కాలుతాయి. మంచినీళ్ళు చాలినన్ని మోసుకుపోవాలి. సగం దారిలో నేను కూలబడ్డాను. మా వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. కింద గగన్ మహల్ వున్న పాత వూరు మసకగా కనిపిస్తోంది.

“1565లో ఓడిపోయినాక రాజధాని ఇక్కడికే మార్చినారు కదా నాన్నా?”

“అవును. తిరుమల రాయలు.”

“అంటే, ఓడిపోయి వచ్చి మళ్ళీ మొదలుపెట్టినారు.”

వాడు అడిగింది రాయలవారి సంగతి కాదని నాకు తెలుసు. చెప్పడానికి బోలెడు చరిత్ర వుంది. అయినా ఒప్పందం ప్రకారం, “అవునురా, మొదలుపెట్టినారు” అని వూరుకున్నాను.

పిల్లలకు నచ్చే చోటేదని అడిగే మిత్రులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. చోటు వాళ్ళను యెంచుకోనివ్వండి; మీకు తెలిసింది కాస్త దాచుకోండి.

దిగేటప్పుడు మా వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. “జారుతుంది” అన్నాడు. యెవరికి జారుతుందో చెప్పలేదు, నేనూ అడగలేదు.