‘సరే సార్’ అనే ఇంగ్లీషు

శ్రీహరికోట పేరు చెప్పగానే మన విద్యార్థులకు రాకెట్టు గుర్తొస్తుంది. దాని వెనకే ఇంగ్లీషు గుర్తొచ్చి గుండె జారుతుంది. విదేశీయులతో వ్యాపారం మాట్లాడాలంటే ఇంగ్లీషు దొరల్లే మాట్లాడాలన్న భ్రమ మన కళాశాలల్లో బాగా పాతుకుపోయింది. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాబోటివాడికి ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. భాష ఎవరి నోట ఏ పని చేస్తున్నదో చూడడం సాహిత్యం చదివినవాడి పనే గదా!

1999 మే 26న శ్రీహరికోటనుంచి లేచిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మన ఓషన్‌శాట్‌తో పాటు కొరియావారి కిట్‌శాట్‌నూ, జర్మనీవారి ట్యూబ్‌శాట్‌నూ కక్ష్యలో పెట్టింది. పరాయి దేశాల ఉపగ్రహాలు అక్కడినుంచి కిరాయికి ఎగరడం అదే మొదలు. 2017 ఫిబ్రవరి 15 నాటికి ఒకే రాకెట్టులో వెళ్ళిన 104 ఉపగ్రహాల్లో 101 పరాయివే. ఆ మొదటి ప్రయోగంలో కొరియావాడికి గాని, జర్మనుకు గాని, మనవాడికి గాని ఇంగ్లీషు తల్లి నేర్పిన భాష కాదు. అయినా పని జరిగింది.

అదే యేడు సెప్టెంబరు 23న అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కుజగ్రహం దగ్గర నాశనమైపోయింది. ఒక పక్షం పౌన్లలో కట్టిన లెక్కను రెండో పక్షం న్యూటన్లలో ఉన్నదనుకొన్నది. ఇరుపక్షాల వ్యవహారమూ అచ్చమైన అమెరికా ఇంగ్లీషులోనే సాగింది. అనుమానపడ్డవారు లేకపోలేదు గాని, ఆ అనుమానం తేలేదాకా ఎవరూ పట్టుపట్టి అడగలేదు.

అంతర్జాతీయ ఒప్పందాల్లో వాడే ఇంగ్లీషు చాలా బీద భాష. అక్కడ ‘షల్’ అంటే చేసి తీరాలి. ‘షుడ్’ అంటే చేస్తే మేలు. ఈ రెంటి నడుమ కోట్ల రూపాయలు నలుగుతాయి. మన అలంకారికుల మాటల్లో చెప్పాలంటే అంతా అభిధే, ధ్వనికి చోటు లేదు. (ఆనందవర్ధనుడు దరఖాస్తు పెట్టినా ఆ ఉద్యోగం రాదు.)

మన మాటతీరు అంతా ధ్వనే. ‘చూద్దాం’ అంటే కాదని. ‘సరే సార్’ అంటే విన్నానని, లేదా భయపడ్డానని. శ్రీహరికోటకు దక్షిణంగా, తడ దగ్గర శ్రీసిటీలో ఒక కర్మాగారంలో పనిచేస్తున్న నా పాత శిష్యుడొకడు చెప్పాడు: జపాను ఇంజనీరు ఏదో వివరించాడు, వీడు ‘యస్ సార్’ అన్నాడు, వీడు తన ఇబ్బంది చెప్పాడు, ఆయన ‘హై’ అన్నాడు. జపాను వాళ్ళ ‘హై’ కూడా చాలాసార్లు వింటున్నానని మాత్రమే. ఇద్దరూ ఒప్పుకొన్నారు, ఏ విషయమూ తేలలేదు. రెండు రోజుల పని మళ్ళీ చేయవలసి వచ్చింది.

వాడికి రానిది వ్యాకరణం కాదు. ‘అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి’ అన్న వాక్యం వాడికి ఏ భాషలోనూ రాదు. భూస్వామి అరుగు ముందు నిలబడిన వాళ్ళ తాతకూ రాదు. అక్కడ మళ్ళీ అడగడమంటే ఎదురు తిరగడమే. ఇంటర్వ్యూ బల్ల వెనక కూచున్న పెద్దమనిషి ఈనాడు యాసకు మార్కులు వేస్తుంటే, ఆ అరుగే బల్లగా మారిందని నాకనిపిస్తుంది.

అసలు శ్రీహరికోటను రాకెట్ల కేంద్రానికి ఎంచుకొన్నది 1969లో. అంతకుముందు ఆ అడవినీ, పులికాటు చేపలనూ నమ్ముకొని బతికిన యానాదుల్లో అనేకులు ఆ చోటు విడిచిపోవలసి వచ్చింది. కొరియా ఖాతాదారు ప్రతి వాక్యానికీ అర్థమేమిటని అడగగలడు. యానాదికి అలా అడగగల అంతస్తును మన సమాజం ఏనాడూ ఇవ్వలేదు, అది ఇంగ్లీషు కాగితమైనా, తెలుగు కాగితమైనా.

ఈ మధ్య నా తరగతిలో ఒక పని పెట్టాను. కొలతలున్న ఒక పనివివరం చదువుతాను, తెలుగులోనే. కావాలనే ఏదో ఒకటి వదిలేస్తాను. విన్నవాళ్ళు సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. రెండు వారాలపాటు ‘అర్థమైంది సార్’ తప్ప మరోమాట వినపడలేదు. మూడోవారం వెనక బెంచీనుంచి ఒకమ్మాయి లేచి, ‘పన్నెండన్నారు, అడుగులా, మీటర్లా సార్?’ అన్నది. పక్కవాళ్ళు నవ్వారు. మీటర్లని చెప్పి, బోర్డుమీద రాశాను.