అట్లాసులో లేని రంగు

ముందుగా ఓ చిన్న పని చేయండి. అరచెయ్యి బల్లమీద బోర్లించి, నడిమివేలు ఒక్కటీ లోపలికి మడిచిపెట్టండి. ఇప్పుడు బొటనవేలు ఎత్తండి. లేస్తుంది. చూపుడువేలు ఎత్తండి, అదీ లేస్తుంది. చిటికెనవేలికీ ఇబ్బంది లేదు. ఇక ఉంగరంవేలు ఎత్తండి చూద్దాం! ఎంత బిగబట్టినా చాలామందికి అది బల్లని వదలదు. వేళ్లని పైకి లాగే టెండన్లు చేతి వెనకవైపు నుంచి వెళ్తాయి. వాటిలో నడిమివేలిదీ ఉంగరంవేలిదీ అడ్డపట్టీలతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకదాన్ని మడిచి కదలకుండా చేస్తే రెండోదీ ఆగిపోతుంది. చూపుడువేలికీ చిటికెనవేలికీ అదనంగా సొంత కండరం ఒకటి ఉంది గనక వాటి దారి వాటిది.

ఇది పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాల సంగతి. చదివినవాళ్లకి పరీక్ష దాకా గుర్తుంటుంది. ఆ పట్టీని ఫోర్సెప్స్‌తో పట్టుకుని స్వయంగా లాగి చూసినవాళ్లు, ఎన్నో ఏళ్ల తరవాత యాక్సిడెంట్‌లో తెగిన చెయ్యి ఎదురుగా ఉన్నప్పుడు కూడా దాన్ని మర్చిపోరు. మెడికల్ కాలేజీలో అనాటమీ చెబుతూ రిటైరైనదాన్ని, నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే: అనాటమీ చేతులతో నేర్చుకునే చదువు.

ఏటా అడ్మిషన్లు అయ్యాక తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మేడంగారూ, మావాడు హాస్టల్లో అన్నం సరిగ్గా తినట్లేదట. డిసెక్షన్ హాల్లో కళ్లమ్మట ఒకటే నీళ్లట. చదువు మానేస్తానంటాడేమోనని ఇంట్లో బెంగగా ఉందండీ" అని. బెంగ అక్కర్లేదు. ఆ కన్నీళ్లు ఫార్మలిన్ వల్ల. ఫార్మాల్డిహైడ్ అనే వాయువుని నీళ్లలో కరిగిస్తే వచ్చేది ఫార్మలిన్. అది కుళ్లబెట్టే క్రిముల్ని చంపుతుంది, కణాల్లోని ప్రొటీన్లని బిగించి కండని ఉన్నదున్నట్టు నిలబెడుతుంది. బతికున్న మన కంటిపొరకీ ముక్కుపొరకీ అది పడదు, అందుకే ఆ మంట. కొన్నాళ్లకి అలవాటవుతుంది. మాంసం సయించకపోవడం కూడా మామూలే, పప్పూ పెరుగూ తినమనండి, బలవంతపెట్టకండి.

మొదటిరోజు కత్తి పట్టనివ్వరు. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికతో దేశమంతటా ఒక మంచి పద్ధతి స్థిరపడింది. విద్యార్థులంతా తెల్లకోట్లతో నిలబడి, టేబుల్ మీదున్న ఆ మనిషిని గౌరవిస్తామనీ, ఆ దేహం ఎవరిదో ఆరా తీయబోమనీ, ఫొటోలు తీయబోమనీ ప్రమాణం చేస్తారు. దాన్ని కడావరిక్ ఓత్ అంటారు. ఈ ప్రమాణం రాకముందు కూడా మంచి డిపార్ట్‌మెంట్లలో ఆ మర్యాద ఉండేది. మొహం మీద తెల్లగుడ్డ కప్పి ఉంచేవాళ్లు, తలా మెడా డిసెక్షన్ మొదలయ్యేదాకా తీసేవాళ్లు కారు. ఆ మర్యాద చూపించినవాళ్లు చాలాచోట్ల ప్రొఫెసర్లు కూడా కారండీ, అటెండర్లు. తొడ దగ్గర చిన్న గాటు పెట్టి పెద్ద ధమనిని వెతికి, ఫార్మలినూ గ్లిజరినూ కలిపిన ద్రావణాన్ని ఎత్తు మీంచి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించేది వాళ్లే. ఆ పని సరిగ్గా జరగకపోతే ఏడాది పాఠం చెడిపోతుంది. పాతకాలపు అటెండర్ ఒకాయనకి బోన్‌సెట్‌లో ప్రతి ఎముకా కళ్లు మూసుకుని తెలుసు. పీజీలు కూడా ఆయన్ని అడిగి సరిచూసుకునేవాళ్లు.

ఇక అసలు విషయానికొస్తాను. పిల్లలు ముందు అట్లాసు చూస్తారు. అందులో ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పచ్చగా, కండరం శుభ్రంగా కడిగినట్టు ఉంటుంది. చర్మం గాటు పెట్టి పక్కకి తీశాక వాళ్లకి కనిపించేది ఇవేవీ కాదు, కొవ్వు. పసుపచ్చగా, జిడ్డుగా, చేతికి అంటుకుంటూ. ఆ కొవ్వు తీయడమే రోజుల తరబడి పని. దాని కింద ఫేషియా, కమలాపండు తొనల మీదుండే పొరలాగా ప్రతి కండరాన్నీ చుట్టి ఉంటుంది. ఆ పొరలు విడదీస్తే గానీ లోపలివి బయటపడవు. తీరా బయటపడ్డాక ధమనీ సిరా నరమూ మూడూ ఒకే రంగు! బూడిదా గోధుమా కలిసిన ఆ రంగు ఏ అట్లాసులోనూ లేదు.

అప్పుడు పిల్లలు తలెత్తి అడుగుతారు, "మేడం, ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అని. వేళ్ల మధ్య పెట్టి నలపమంటాను. ధమనికి గోడ మందం, నొక్కి వదిలితే మళ్లీ గుండ్రంగా నిలబడుతుంది. సిర గోడ పలచన, నొక్కితే చదునైపోతుంది, లోపల గడ్డకట్టిన రక్తం నల్లగా కనిపిస్తుంది. నరం లోపల బోలుగా ఉండదు, ఎంత నలిపినా అణగదు. పిల్లలు కళ్లు మూసుకుని నలుపుతారు, ఒకరినొకరు పరీక్షించుకుంటారు, కాసేపటికి టేబులంతా ఇదే ఆట. రేపు ఆపరేషన్ థియేటర్లో రక్తం నిండిన గాయంలో ఏమీ కనపడనప్పుడు వాళ్లని కాపాడేది ఈ వేళ్లే. కత్తి పదునుతో కంటే దాని పిడితోనూ వేలికొసతోనూ పొరలు విడదీయడమే ఎక్కువ నేర్పిస్తాం. పదును ఎంత తక్కువ వాడితే సన్నటి నరాలు అంతగా దక్కుతాయి.

అలాగని లెక్చర్లని తక్కువచేసి మాట్లాడటం లేదు. కొన్ని విషయాలు టేబుల్ మీద చూస్తే అర్థంకావు సరికదా, అయోమయంగా ఉంటాయి. మన గొంతుని నడిపించే నరం ఒకటుంది, ఎడమవైపుది. మెదడు నుంచి వచ్చే వేగస్ నరానికి శాఖ అది. స్వరపేటిక ఉండేది మెడలో. ఈ నరం మాత్రం నేరుగా అక్కడికి పోకుండా ఛాతీలోకి దిగి, గుండెనుంచి వచ్చే మహాధమని వంపు కిందనుంచి తిరిగి, మళ్లీ పైకెక్కి స్వరపేటిక చేరుతుంది. జిరాఫీకి కూడా ఇంతే, అంత పొడుగు మెడంతా దిగి మళ్లీ ఎక్కుతుంది! ఎందుకిలా అంటే జవాబు టేబుల్ మీద దొరకదు, ఎంబ్రియాలజీ క్లాసులో దొరుకుతుంది. పిండదశలో గుండె మెడ దగ్గరే ఉంటుంది, అప్పుడు నరం దారి సూటిగానే ఉంటుంది. తరవాత గుండె ఛాతీలోకి దిగుతూ, తన ధమని వంపుతో ఆ నరాన్ని కూడా కిందికి లాక్కెళ్తుంది. అందుకే వారాల తరబడి గొంతు బొంగురుపోతే తెలివైన డాక్టరు గొంతు చూసి ఊరుకోడు, ఛాతీ ఎక్స్‌రే కూడా తీయిస్తాడు. ఊపిరితిత్తిలో గడ్డో, మహాధమని ఉబ్బో ఆ వంపు దగ్గర నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు.

పిత్తాశయం వాచినప్పుడు కుడిభుజం నొప్పి పెట్టడం వెనకా ఇలాంటి కథే ఉంది. కడుపుకీ ఛాతీకీ మధ్యనుండే డయాఫ్రం పిండంలో మెడ దగ్గర మొదలై కిందికి దిగుతుంది, దాని నరాన్ని మెడ నుంచే వెంట తెచ్చుకుంటుంది. భుజం చర్మానికి వెళ్లే నరాలూ మెడలో ఆ చోటినుంచే వస్తాయి. డయాఫ్రం కింద మంట పుడితే మెదడు దాన్ని భుజానిదనుకుంటుంది. ఉదయం లెక్చర్లో ఇది విని, మధ్యాహ్నం ఆ నరాన్ని మెడ నుంచి డయాఫ్రం దాకా వేలితో తడుముతూ దిగితే కుర్రాడికి కలిగే ఆనందం వేరు. రెండూ ఒకే రోజున పడేలా టైంటేబుల్ వేయడం కోసం నేను డిపార్ట్‌మెంట్లో పట్టుబట్టేదాన్ని.

ఎముకల సంగతి చెప్పకపోతే ఎలా? కాలర్ బోన్ చేతికిచ్చి "కుడా, ఎడమా?" అని అడగటం వైవాలో మొదటి ప్రశ్న. ఒక చివర లావుగా ఉంటుంది, అది రొమ్ము ఎముక వైపు. చదునైన చివర భుజం వైపు. లోపలి మూడింట రెండొంతులు ముందుకి ఉబ్బి ఉండాలి, గాడి ఉన్న వైపు కిందకి రావాలి. ఈ మూడూ కుదిరేలా సొంత మెడ దగ్గర పెట్టుకుంటే జవాబు దానంతటదే వస్తుంది. కడుపులోని బిడ్డకి అన్నిటికంటే ముందు గట్టిపడటం మొదలయ్యే ఎముక ఇదే. బైకు మీంచి పడి చెయ్యి ఆనించినప్పుడు రెండు వంపులూ కలిసేచోట విరిగేదీ ఇదే. ఇప్పుడు ప్లాస్టిక్ బోన్‌సెట్లు వచ్చాయి, గుర్తుపట్టడానికి పనికొస్తాయి. కండరం అతుక్కున్న చోట వేలికి తగిలే గరుకుదనం మాత్రం అసలు ఎముకలోనే ఉంది.

దేహాన్ని తెరిచి చూడాలన్న తపన మన దేశానికి కొత్తేమీ కాదు. సుశ్రుతుడు శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, మెల్లగా పారే నీళ్లలో ఏడు రోజులు నాననిచ్చి, తరవాత కుంచెతో పొర పొరా రుద్దుతూ చూడమన్నాడు. ఎంత ఓపికైన పద్ధతో చూడండి! మధ్యలో ఆ దారి మూసుకుపోయింది. మళ్లీ 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా, ఆయుర్వేదం చదివిన వైద్యుడు, సమాజం ఏమంటుందోనని వెనకాడకుండా కత్తి పట్టాడు. ఇంకో సంగతి. 1858లో వచ్చిన గ్రేస్ అనాటమీ పుస్తకం పేరు తెలియని డాక్టరుండడు. రాసిన హెన్రీ గ్రే 34 ఏళ్లకే మశూచితో పోయాడు. బొమ్మలన్నీ గీసిన హెన్రీ వాన్‌డైక్ కార్టర్ మాత్రం మన దేశానికొచ్చి బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాడు.

అంత గొప్ప పుస్తకాలు కూడా సగటు మనిషిని గురించే చెబుతాయి. టేబుల్ మీదున్నది ఒకానొక మనిషి. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టు కొంచెం వంచితే మధ్యలో ఒక టెండన్ నిక్కి కనబడుతుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, దానివల్ల లోటేమీ లేదు. మూత్రపిండానికి ఒక్క ధమని అని పుస్తకంలో ఉంటుంది, రెండున్నవాళ్లు బోలెడంతమంది. పిత్తాశయానికెళ్లే చిన్న ధమని ఒక్కో మనిషిలో ఒక్కో దారిన పోతుంది, అది తెలియని సర్జను చేతిలో రక్తం చిమ్ముతుంది. అందుకే పక్క టేబుళ్లకి కూడా వెళ్లి చూసి రమ్మని తరిమేదాన్ని. "మేడం, మా బాడీలో పుస్తకంలో ఉన్నట్టు లేదు" అని ఎవరైనా వచ్చి చెబితే ఆ రోజు నాకు పండగే.

ఇప్పుడు పెద్ద తెరల మీద వేలితో పొరలు తొలగించే డిజిటల్ టేబుళ్లు వచ్చాయి. మంచివే, రాత్రి హాస్టల్లో తిరగేసుకోవడానికి ఫోన్లో యాప్‌లూ మంచివే. కానీ వాటిలో కొవ్వు లేదు, బరువు లేదు, ఒక మనిషికీ మరో మనిషికీ తేడా లేదు. వాటిని చూపించి అసలు డిసెక్షన్ గంటలు తగ్గిస్తే నేను ఒప్పుకోను. ఇప్పటికే టేబుల్ చుట్టూ మూగేవాళ్లు పెరిగి, వెనక వరసలోని పిల్లలకి ముందువాళ్ల వీపులే కనిపిస్తున్నాయి. అమ్మాయిలూ, అబ్బాయిలూ, మొహమాటపడకండి. మీ వంతు అడిగి పుచ్చుకోండి, ఫోర్సెప్స్ చేతిలోకి తీసుకోండి. నీట్ కోసం బిట్లు చేసి చేసి వచ్చిన మీకు, నోరు తెరిచి చెప్పాల్సిన వైవా మొదట్లో కష్టంగానే ఉంటుంది. టేబుల్ దగ్గర రోజూ ఒకరికొకరు చెప్పుకుంటే ఆ జంకు పోతుంది.

ఇంతకీ ఈ దేహాలు ఎక్కడివని చాలామంది అడుగుతారు. కొన్ని తీసుకెళ్లడానికి ఎవరూ రానివి, చట్టప్రకారం ప్రభుత్వం కాలేజీలకి అప్పగించేవి. కొన్ని తమంతట తాము రాసిచ్చినవాళ్లవి. దేశమంతటా పిల్లలు చదివే అనాటమీ పుస్తకం రాసిన బి.డి. చౌరాసియా అస్థిపంజరం ఆయన పనిచేసిన గ్వాలియర్ గజరాజా మెడికల్ కాలేజీ మ్యూజియంలోనే ఉంది. పోయాక కూడా అక్కడే పాఠం చెబుతున్నాడాయన. 2024 సెప్టెంబర్లో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చింది. ఆ తరవాతి నెలలోనే, ఢిల్లీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం హైదరాబాద్‌లో గాంధీ మెడికల్ కాలేజీకి చేరింది. రాజకీయాలెలా ఉన్నా, ఒక అనాటమీ టీచరుగా ఆ రెండు కుటుంబాలకీ నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

మీలో ఎవరికైనా అలాంటి ఆలోచన ఉంటే దగ్గర్లోని మెడికల్ కాలేజీ అనాటమీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి అడగండి, ఫారం ఇస్తారు. పోస్ట్‌మార్టం జరిగిన దేహాన్నీ, కొన్ని అంటువ్యాధులున్న దేహాన్నీ మామూలుగా తీసుకోరు. కళ్లు విడిగా ఇవ్వొచ్చు, వాటిని ఆరు గంటల్లోపే తీయాలి గనక ఐ బ్యాంకుకి వెంటనే కబురు చేయాలి, తరవాత దేహం కాలేజీకి వెళ్తుంది. ఆలస్యమైతే ఫార్మలిన్ ద్రావణం సరిగ్గా ఎక్కదు, కాబట్టి ఫోన్ నంబరు ఇంట్లో అందరికీ కనపడేచోట ఉండాలి. ముఖ్యంగా, సంతకం పెట్టి కాగితం బీరువాలో దాచేయకండి. ఆ రోజున కబురు చేసి అప్పగించాల్సింది మీ పిల్లలే గనక, ముందు వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడండి.